కంచరపాలెపు కథయందలి యేకశేషము

దృశ్యకావ్యమునకు లక్షణము చెప్పిన ప్రాచీనులు రంగస్థలమునే యెఱిగియుండిరి; తెరపై నాడు బొమ్మను వారెఱుగరు. ఐనను చలనచిత్రము దృశ్యమును శ్రవ్యమును నగు కథాప్రబంధమే కావున, వస్తువు, నేత, రసము అను మూడింటిచేతనే దానినిగూడ పరీక్షింపవచ్చును. 2018వ సంవత్సరము సెప్టెంబరు 7వ తేదీని విడుదలయైన 'కేరాఫ్ కంచరపాలెం' అను తెలుగు చిత్రము ఇట్టి పరీక్షకు దగినది. అందు బ్రణయకథలు నాలుగు, నాయకులు నలుగురు, నాయికలు నలుగురు. ప్రేక్షకుడు చిత్రము ముగియవచ్చుదనుక నలుగురు నాయకులనే చూచుచుండును. తుదిని తాను జూచినదంతయు నొక్కని కథయే యని తెలిసికొనును. ఈ తుదిమలుపు కేవలము కుతూహలముకొఱకు గల్పింపబడిన చమత్కారమా, లేక కథార్థమునకే యావశ్యకమా యనునది ప్రశ్న. వ్యాకరణశాస్త్రమునందలి వృత్తివిచారము దీనికి సమాధానము నొసగుచున్నదని నిరూపించుట యీ వ్యాసమునకు బ్రయోజనము.

చిత్రమును జూడనివారికి గథాంతము ముందే తెలియుట లోపమగునా యని శంకింపనక్కఱలేదు. రామకథ తెలిసినవారే రామనాటకమును జూచుటకు బోవుదురు. తెలిసినపిమ్మటను నిలుచు కథయే కథ. ఈ చిత్రమును రెండవమాఱు చూచువానికి మొదటిమాఱుకంటె నెక్కువ యర్థము తోచును. అట్లు తోచుటకు గారణమే యిచట విచారింపబడుచున్నది.

చిత్రస్వరూపము

కంచరపాలెము విశాఖపట్టణమునందలి యొక పేట. కంచరి యనగా గంచుపని చేయువాడు, పాలెము నివాసస్థానము. చిత్రమునకు రచయితయు దర్శకుడును వెంకటేష్ మహా. ఇది యాతని ప్రథమచిత్రము. నిర్మించినవారు పరుచూరి ప్రవీణ. ఆమె అమెరికాలో హృద్రోగవైద్యురాలు. చిత్రమున సలీమా యను పాత్రనుగూడ దామే ధరించిరి. సంగీతము స్వీకార్ అగస్తిది. దగ్గుబాటి రానా సమర్పకుడుగా నిలిచి చిత్రమును లోకమునకు జేర్చెను. నటులలో బెక్కురు అంతకుముందు ముఖమునకు రంగు పూసికొని యెఱుగనివారు. ఆ పేటలో గాపురముండువారే. 2021లో నీ కథయే 'కేరాఫ్ కాదల్' అను పేరుతో నఱవమున దిరిగి చిత్రింపబడినది.

సామాన్యచిత్రములయందు నాయకుడు తెరపైకి వచ్చునపుడే వీడు నాయకుడని తెలియునట్లు చేయుదురు. ఇచట నట్టి చిహ్నములు లేవు. ప్రసిద్ధనటుని ముఖము లేకపోవుటవలన గథయే ముఖమైనది. ఈ విషయము మీదట నుపయోగించును. ఏలయనగా, ముఖము ప్రసిద్ధమైనచో నలుగు రొక్కడగుట యసంభవము.

కథాసంగ్రహము

మొదటిది రాజు కథ. రాజు 49 ఏండ్ల బ్రహ్మచారి. ఒక ప్రభుత్వకార్యాలయమున నటెండరు. ఆ వయస్సున బెండ్లి లేకుండుట పేటవారికి నిత్యవినోదము. వాని పుంస్త్వమునే శంకించి గుసగుసలాడువారును గలరు. ఆ కార్యాలయమునకు రాధ యను నధికారిణి ఒడిశానుండి బదిలీయై వచ్చును. ఆమె 42 ఏండ్ల వితంతువు. యుక్తవయస్కురాలగు కూతురు గలది. అధికారిణి తన యుదయపు ఫలాహారమును నటెండరుతో బంచుకొనుటతో స్నేహ మారంభమగును. కూతురు తల్లి కోరికను మన్నించును. తల్లి సోదరుడు మాత్రము లోకులేమందురో యని యడ్డగించును.

రెండవది సుందరము కథ. వాడు బడిలో జదువు బాలుడు. సహాధ్యాయిని యగు సునీత చక్కగా బాడును. ఆమెతోబాటు తానును గొంతు గలుపవలెనని వాని యాశ. దీనికి శృంగారమని పేరుపెట్టుటకైన వయస్సు చాలదు. ఐనను బడిలో వారిద్దఱును గలసి పాడుట చూచి బాలిక తండ్రి కోపించి యామెను దూరమునకు బంపివేయును. సుందరము తండ్రి వినాయకవిగ్రహమును జేయుచుండును. తన మొఱ వినని దేవునిపై బాలునకు గలిగిన కోపము ఆ విగ్రహముపై బడును. ఆ కథ తండ్రి మరణముతో ముగియును.

మూడవది జోసెఫు కథ. వ్యాయామశాల నడుపు నొక పెద్దమనుష్యునికొఱకు నలుగురిని బెదరించు పనులు చేయు యువకుడు వాడు. భార్గవి బ్రాహ్మణకన్య. వాని దౌర్జన్యమును జూచి వానినే నిలువదీసి యడిగినది. కలహముతో మొదలైన పరిచయము ప్రేమగా మాఱును. కాని యామె తండ్రి ప్రాణత్యాగము చేసికొందునని బెదరింపగా నామె తన కులమువాని వివాహమాడును.

నాలుగవది గడ్డము కథ. వాడు మద్యము దుకాణమున బనివాడు. గడ్డము పెంచుటచేతనే యా పేరు. రాత్రివేళ ముసుగుతో వచ్చి సీసా కొనిపోవు నొక స్త్రీయొక్క కన్నులు మాత్రమే వాడు చూచియున్నాడు. ఆ కన్నులనే ప్రేమించినాడు. ఆమె పేరు సలీమా. ముసల్మాను స్త్రీ, వేశ్యావృత్తిచే జీవించునది. ఈ సంగతి తెలిసిన పిమ్మటను వాడు పెండ్లికి సిద్ధపడును, ఆమెయు నంగీకరించును. ఇంతలో నామె హత్య చేయబడును.

ఈ నాలుగు కథలును ఒకటి ముగిసిన తరువాత నొకటిగా జెప్పబడలేదు. జడలోని పాయలవలె నల్లబడినవి. ఏ కథ యే కాలముననో తెలుపు గుఱుతు తెరపై వ్రాయబడలేదు. అందుచే నాలుగును సమకాలికములని ప్రేక్షకుడు తలచును. తుదిని రాజు తన పూర్వవృత్తాంతమును రాధకు జెప్పునపుడు, బాలుడగు సుందరము, యువకుడగు జోసెఫు, నడివయస్సున బ్రవేశించుచున్న గడ్డము, ఏబదికి జేరుచున్న రాజు ఒక్కడే యని వెల్లడియగును.

ద్వంద్వము, సమాహారము, ఏకశేషము

పెక్కు కథలను గూర్చి యొక చిత్రముగా జేయుట నూతనము గాదు. ఐతే కూర్చువిధము లొకటి గావు. వైయాకరణులు ద్వంద్వసమాసమును ఇతరేతరయోగమనియు, సమాహారమనియు రెండువిధములుగా విభజింతురు. ఆ ద్వంద్వమునకు దోడుగా నేకశేషమను మఱియొక వృత్తినిగూడ జెప్పుదురు. చిత్రములయందును నీ మూడు మార్గములు కనబడుచున్నవి.

ఇతరేతరయోగమున బదములు కలసియు దమ తమ యర్థములను విడువవు. రామలక్ష్మణు లనునపుడు రాముడు వేఱు, లక్ష్మణుడు వేఱు, ఇద్దఱును బ్రధానులే. 2003లో రిచర్డ్ కర్టిస్ నిర్దేశించిన 'లవ్ యాక్చువల్లీ' యను నాంగ్లచిత్ర మిట్టిది. లండను నగరమున గ్రిస్మసు పండుగకు ముందటి వారములలో జరిగిన పెక్కు ప్రణయకథలు అందు బ్రక్కప్రక్కన నిలిచియున్నవి. ఒక కథలోని వాడు మఱియొక కథలోనివానికి జుట్టమో స్నేహితుడో కావచ్చును. వారి సుఖదుఃఖములు మాత్రము వేఱు. తెలుగున 2014లో బ్రవీణ్ సత్తారు నిర్దేశించిన 'చందమామ కథలు' ఎనిమిది కథల కూర్పు. దానికి ఉత్తమ తెలుగుచిత్రమను జాతీయపురస్కారము లభించినది. అదియు నీ మార్గమునకే చేరును.

సమాహారమున నవయవములకంటె సమూహము ప్రధానము. కాలుసేతులు వేర్వేఱు వస్తువులే యైనను, అవి యొక శరీరమున కంగములగుటచే సంస్కృతమున 'పాణిపాదమ్' అని యేకవచనమే వచ్చును. 2016లో జంద్రశేఖర్ యేలేటి నిర్దేశించిన 'మనమంతా' ఇందులకు దృష్టాంతము. అందు ఒక యుద్యోగి, ఒక గృహిణి, ఒక విద్యార్థి, ఒక బాలిక వేర్వేఱు కథలవారుగా గనబడుదురు. తుదిని వారొక కుటుంబమువారని తెలియును. నాలుగు కథలును నాలు గంగములు, కుటుంబము శరీరము.

'కేరాఫ్ కంచరపాలెం' ఈ రెండింటిలో జేరదు. ఇది యేకశేషము. పాణినీయమున సమానరూపములగు పదములు పెక్కు చేరినపుడు ఒకటి మాత్రమే శేషించి తక్కినవి లోపించునని విధింపబడినది. రూపము వేఱైనను నర్థ మొకటియైన పదములకును నట్లే యొకటి శేషించునని వార్తికకారుడు విస్తరించెను. వక్రదండము, కుటిలదండము అను పదములు వినుటకు వేఱు. అర్థమున రెండును వంకరకఱ్ఱలే. కావున నం దొకటి నిలిచిన జాలును. సుందరము, జోసెఫు, గడ్డము, రాజు అను పేర్లును నిట్టివే. ఒకటి సంస్కృతశబ్దభవము, ఒకటి క్రైస్తవనామము, ఒకటి దేశ్యమగు నెగతాళిపేరు, ఒకటి కార్యాలయమున బిలుచు పేరు. వినుటకు విరూపములు. అర్థము, అనగా వ్యక్తి, యొకడే. తుదకు శేషించినది రాజు శబ్దము.

ఏకశేషమునకు బ్రాణమైన నియమ మొకటి కలదు. శేషించిన పదము లోపించినవాని యర్థమునుగూడ దానే చెప్పును. లోపించినవి వినబడవు, ఐనను వాని యర్థము పోదు. తల్లియు దండ్రియు నను నర్థమున సంస్కృతమున 'పితరౌ' అందురు. అందు మాతృశబ్దము చెవికి వినబడదు. ఐనను దల్లి లేదని యెవ్వరును దలపరు. ఈ నియమమే యీ చిత్రమునకు హృదయము. కార్యాలయమున టీ నందించుచు, ఎవరేమన్నను నవ్వి యూరకుండు రాజును జూచి పేటవారు వానికి గథయే లేదనుకొనిరి. ఏబది యేండ్లకు బెండ్లి లేనివాడు శూన్యుడని వారి భావము. కాని వాడు శూన్యుడు గాడు, శేషుడు. సునీత పాట, భార్గవి పోట్లాట, సలీమా కన్నులు వాని మౌనమునందు వినబడక నిలిచియున్న లుప్తపదములు. తుదిమలుపు వచ్చువఱకు బ్రేక్షకుడును బేటవారివలెనే రాజును శూన్యునిగా జూచియుండును. ఆ తప్పు దెలిసికొనుటయే మలుపునకు బ్రయోజనము. దానిని దీసివేసినచో నాలుగు కథలు మిగులును, రాజు మిగులడు.

తెలుగుకావ్యములతో బోలిక

తెలుగువారికి బేర్లతో గథ నల్లుట క్రొత్త గాదు. పింగళి సూరన రాఘవపాండవీయమున నొకే పద్యసముదాయముచే రామకథయు భారతకథయు జెప్పబడినవి. అది శ్లేష: శబ్ద మొకటి, నాయకులు వేఱు. నల్లమల యంచున నున్న లింగాలకు దూరము గాని జటప్రోలు సంస్థానమున సురభి మాధవరాయలు రచించిన చంద్రికాపరిణయముగూడ శబ్దచిత్రములకు బేరొందినది. ఆ గ్రంథమును బాఠముచెప్పి పదములు విడదీయుటలో నారితేరిన పాలమూరు పండితులకు శ్లేషమార్గము కరతలామలకము. కంచరపాలెపు కథ యా మార్గమునకు విపర్యయము: ఇచట శబ్దములు నాలుగు, నాయకు డొక్కడు. శ్లేషయం దొక మాటలో రెండర్థములు చూడగలవాడు పండితుడు. ఇచట నాలుగు మాటలలో నొక యర్థమును జూడగలవాడు సహృదయుడు.

సూరనయే రచించిన కళాపూర్ణోదయము దీనికి మఱింత చేరువ. అందు గలభాషిణియే మఱుజన్మమున మధురలాలసయగును; మణికంధరుడే కళాపూర్ణుడగును. వేఱనుకొన్న వ్యక్తు లొకరే యని కథనమధ్యమున వెల్లడియగుట యచటను గలదు. ఐతే సూరనకు దన పాత్రల పేర్లు మార్చుటకు జన్మాంతరము కావలసివచ్చెను. కంచరపాలెమున నొక జన్మమే చాలినది. ఒక మనుష్యుని బేరును, మతమును, నడవడిని మార్చుటకు మృత్యువు పనిలేదు. ఇరుగుపొరుగు చాలునని యీ కథ చెప్పుచున్నది.

పరిణయప్రబంధముల నాయకుడు వంశప్రశంసతో బ్రవేశించును. చంద్రికాపరిణయమున సుచంద్రుడు రాజు. ఈ చిత్రమున రాజు పేరునకు మాత్రమే రాజు. లక్షణకారులు చెప్పిన ధీరోదాత్తాది భేదములలో వీనిని జేర్చుట కష్టము. వాడు వైరులను జయింపలేదు, మూడుమాఱు లోడిపోయెను. మూడుమాఱు లోడియు నాలవమాఱు ప్రేమింపగలుగుట ధైర్యము కానిచో ధైర్యమునకు మఱియొక లక్షణము వెదకవలసియుండును.

విఘ్నముల పరిశీలనము

నాలుగు కథలయందును విఘ్నము కలదు. కాని దుష్టుడని యొకనిని జూపుటకు వీలులేదు. బాలికను బంపివేసినవాడు తండ్రి. అతడు కూతురి మేలునే కోరితిననుకొనును. ప్రాణత్యాగమునకు సిద్ధపడినవాడును దండ్రియే. సలీమాను జంపించినది లోకమర్యాదను గాపాడుచున్నామను నహంకారము. రాధ కడ్డువచ్చినది సోదరస్నేహమే. ఒక్కొక్కచోట వయస్సు, కులము, మతము, వృత్తి, వైధవ్యము అను పేర్లతో వచ్చినను, విఘ్నముయొక్క రూప మొకటియే: లోకులేమందురు? నాయకుని నాలుగు పేర్ల వెనుక నొక మనుష్యు డున్నట్లే, విఘ్నముల పేర్ల వెనుకను నొక భయమే యున్నది. ఈ రెండవ యేకశేషమును జిత్రము నోటితో జెప్పదు. కథలను బ్రక్కప్రక్కన నుంచి ప్రేక్షకునికే విడిచినది.

శాసనములు దీని కడ్డురాలేదు. వితంతు పునర్వివాహమును శాసనము 1856లోనే యంగీకరించినది. కందుకూరి వీరేశలింగము పంతులు 1881 డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహమును జరిపించిరి. మతభేదముగల వధూవరులకు 1954 నాటి ప్రత్యేకవివాహశాసనము మార్గము చూపినది. ఏబదికి జేరుచున్న రాజు వయస్సును లెక్కించినచో, వాని బాల్యము 1954కు జాల తరువాతిదే యగును. కావున జోసెఫునకు భార్గవిని, గడ్డమునకు సలీమాను శాసనము నిషేధింపలేదు. తలుపు తెఱచియే యున్నది. గడప దాటనిచ్చువారు లేకపోయిరి. 1881 తరువాత నూఱేండ్లకుపైగా గడచినను, రాధ సోదరుడు వెనుకటివారి మాటనే పలుకుట చిత్రమున నవ్వు పుట్టించును. ఆ నవ్వునకు వెంటనే సిగ్గు పుట్టించును.

రసవిచారమున నాలుగు కథలకును భేదము కలదు. పునస్సమాగమాశ యున్నంతవఱకు విప్రలంభము. ఆశ తెగినచో గరుణము. సలీమా కథ స్పష్టముగా గరుణమున ముగియును. సుందరము, జోసెఫుల కథలు విప్రలంభమున మొదలై, ఆశ మెల్లమెల్లగా నారిపోవుటచే గరుణచ్ఛాయను బొందును. పేటవారి ముచ్చటలన్నియు హాస్యము. రాజు రాధల కథయందలి శృంగారము మాత్రము యౌవనశృంగారము గాదు. భవభూతి యుత్తరరామచరితమున గీర్తించిన పరిపక్వస్నేహమునకు జేరువైనది. ఫలాహారము పంచుకొనుటతో మొదలై పంచుకొనుటయందే నిలుచునది. హాస్యకరుణము లొకదాని ప్రక్క నొకటి నడచియు నొండొంటిని జెఱుపకుండుట యీ చిత్రమునందలి ప్రధానగుణము.

ఆక్షేపసమాధానములు

ఇచట మూ డాక్షేపములు సంభవించును.

పేర్లు మార్చి ప్రేక్షకుని వంచించుట కవికి దగునా యనునది మొదటిది. వంచన యనగా లేనిదాని నున్నట్లు చూపుట. ఇచట లేనిది చూపబడలేదు; పేరు వేఱైన మనుష్యుడు వేఱను నూహను బ్రేక్షకుడే చేసికొనెను. జోసెఫను పేరు వినగానే సుందరముతో వానికి సంబంధ ముండదని నిశ్చయించినది ప్రేక్షకుని బుద్ధి. అందులకు గారణము పేర్లను మతములనుబట్టి విభజించు నభ్యాసము. ఏ యభ్యాసముచే భార్గవి తండ్రి జోసెఫును నిరాకరించెనో, ఆ యభ్యాసముచేతనే ప్రేక్షకుడును వానిని గుర్తింపలేకపోయెను. అంతేగాక చిత్రము పేరే యుత్తరమును ముందుగ జెప్పినది. ఉత్తరములపై 'కేరాఫ్' అని వ్రాయుట, పుచ్చుకొనువానికి దనదని చెప్పదగిన యిల్లు లేనపుడు. పేర్లెన్ని మాఱినను జిరునామా మాఱలేదు. కంచరపాలెమను నధికరణ మొకటియే యై, దానియందుండు కర్త యొక్కడే యని పేరులోనే సూచింపబడియున్నది.

గ్రామ్యభాషాప్రయోగము రెండవ యాక్షేపము. చిత్రమందలి మాటలు ఉత్తరాంధ్రపు వాడుకమాటలు. శ్రవ్యకావ్యమున గ్రామ్యత దోషమనుటలో సందేహము లేదు. దృశ్యకావ్యమునకు మాత్రము పాత్రౌచిత్యము ప్రధానము. సంస్కృతనాటకములయందే పాత్రభేదమునుబట్టి ప్రాకృతభేదములు విధింపబడినవి. ఆ యుత్తరాంధ్రమునుండియే 1897లో బ్రకటితమైన గురజాడ అప్పారావు కన్యాశుల్కము వాడుకమాటలతోనే నిలిచినది. మద్యము దుకాణమున బనిచేయువాడు వ్యాకరణయుక్తముగా బలికినచో నది హాస్యమగును, కరుణము గాజాలదు.

మూడవ యాక్షేపము శాస్త్రీయము. ఏకశేషమున బదములు లోపించినను ద్వివచనమో బహువచనమో శేషించును. అర్థములు పెక్కులుగా నుండును. ఇచట వ్యక్తి యొక్కడే కదా, బహుత్వ మెక్కడిది? ఇది సమంజసమైన ప్రశ్న. వ్యక్తి యొక్కడైనను, ప్రేమించిన యవస్థలు నాలుగు. బాలుని ప్రేమ, యువకుని ప్రేమ, గడ్డము పెరిగినవాని ప్రేమ, తల నెఱసినవాని ప్రేమ ఒకటి గావు. రాజను నేకశబ్దము ఈ నాలు గవస్థల బహుత్వమును మోయుచున్నది. ఐనను శాస్త్రమునందలి లక్షణమును లోకకథకు బూర్తిగా సమన్వయింప జూచుట సాహసము. ఇది దృష్టాంతము, దృష్టాంత మన్నియంశములయందును సరిపోదు.

శేషించినవారు, లోపించినవారు

దృష్టాంతము సరిపోవుచున్నంతవఱకు దానివలననే యొక లోపమును బయటబడుచున్నది. పుంలింగపదమును స్త్రీలింగపదమును గలసినపుడు పుంలింగమే శేషించునని పాణినీయమున మఱియొక విధి కలదు. హంసయు హంసియు జేరినచో మగహంస పేరే నిలుచును. ఈ చిత్రమునను నట్లే జరిగినది. సునీత యెచటికో పంపబడినది, భార్గవి యెవరికో యీయబడినది, సలీమా చంపబడినది. వారి తరువాతి కథ లేదు. వారి యర్థమంతయు రాజుయొక్క స్మృతిలో నిమిడినది. రాజు నాలుగు పేర్లతో నాలుగు జీవితములు గడపగలిగెను. వారికి రెండవ జీవితము దొరకలేదు. ఓడిపోయిన పురుషుడు ప్రేమను మఱల వెదకుకొనుటకు లోక మవకాశ మిచ్చును. స్త్రీకి నంత సులభముగా నీయదు. చిత్రకర్త దీనిని దలచి చేసెనో తలపక చేసెనో విచారించుట యనావశ్యకము; చిత్రమునందు మాత్ర మది కలదు.

ఐతే నాలవ కథ యీ లోపమును గొంత సరిదిద్దినది. రాధ లుప్తపదము గాదు. ఆమె యధికారిణి, రాజు అటెండరు. ఫలాహారము ముందుగ బంచినది యామె. కూతురి యనుమతిని బొంది, సోదరుని కోపమును దాటి, తన వివాహమును దాను నిశ్చయించుకొన్నది యామె. వెనుకటి రెండు కథలలో దండ్రులు కూతుండ్ర ప్రేమను దెంచిరి. ఈ కథలో గూతురు తల్లి ప్రేమను నిలిపినది. రాజు తన గతమునంతయు జెప్పునపుడు వినునది యామె. మూడు లుప్తపదములకును వినువా రొకరు దొరకినది యా క్షణముననే.

సంస్కృతమున దల్లిదండ్రులకు 'పితరౌ' అని యేకశేషము కలదు గాని, తెలుగుభాష యా మార్గమును బట్టలేదు. తెలుగున దల్లిదండ్రులే, అక్కచెల్లెండ్రే, అన్నదమ్ములే. రెండు పదములును వినబడవలసినదే. చిన్నయసూరి బాలవ్యాకరణమును జదువు బాలురకు మొట్టమొదట జెప్పబడు ద్వంద్వోదాహరణము లిట్టివే. మూడుమాఱు లేకశేషమున నొంటరిగా మిగిలినవాని కథ నాలవమాఱు తెలుగుద్వంద్వముగా ముగిసినది. ఆ ద్వంద్వమునకు వాడుకలో నున్న మాట 'ఆలుమగలు'. అందు రెండు పదములును నిలిచియున్నవి. ముందు నిలిచినది ఆలు.